డప్పుగాడి సంతాప సభ

డప్పుగాడు సెలూన్ కుర్చీలో పోయాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ, రెండు చెంపలకీ సబ్బు నురగ, నోట్లో సగం మాట. ఆ సగం మాట ఏమిటని సెలూన్ అతన్ని అడిగాను.

"ఏదో పెద్ద బిల్డింగు లిఫ్టు సంగతండీ. తను వెళ్ళకపోయుంటే జనమంతా లోపలే ఇరుక్కుపోయేవాళ్ళట. అది చెబుతూ చెబుతూ తల వాల్చేశారు. కునుకు తీశారనుకుని ఒక చెంప గీసేశాను కూడా."

గీసిన కత్తినే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాడు, పాపం. నాకు మాత్రం మొట్టమొదట తోచింది ఒకటే. వాడి జన్మలో మధ్యలో ఆగిపోయిన కోత ఇదొక్కటే.

ఇంటికొచ్చి అదే మాట మా ఆవిడతో అంటే చేతిలో గరిట పక్కన పెట్టి నా వంక చూసింది. "చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగినవాళ్ళు. కళ్ళలో నీళ్ళు రాకపోతే పోనీ, నోరైనా ఊరుకోదా?" అంది.

ఊరుకోదు. ఊరుకుని ఊరుకునే ఇంతదాకా వచ్చింది.

మా ఇద్దరి నాన్నలూ ఒకే గోడౌన్‌లో బస్తాలు మోసేవాళ్ళు. గోడౌన్ వెనక వరసగా రేకుల ఇళ్ళు, చివర్లో అందరికీ కలిపి ఒక కుళాయి. వాళ్ళింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. వాళ్ళింట్లో ఎవరైనా తుమ్మితే మా అమ్మ ఇటునుంచి "చిరంజీవ" అనేది. వాడు పుట్టిన నెలకి నేను పుట్టాను. ఆ నెల రోజుల పెద్దరికం చచ్చేదాకా చూపించాడు.

పేర్లు పెట్టడం వాడికి సరదా. నేను మాట కూడదీసుకోవడానికి కాస్త టైం పడుతుంది. నత్తి కాదు, అలవాటు. ముందు లోపల అనుకుని, సరిచూసుకుని, తర్వాత బయటికి అంటాను. ఈలోపు ఎదుటివాళ్ళు వెళ్ళిపోతారు. అందుకని నాకు 'నత్త' అని పెట్టాడు. బళ్ళో, వీధిలో, చివరికి మా ఇంట్లో కూడా అదే స్థిరపడింది. వాడికి 'డప్పు' అని పెట్టింది మాత్రం మా లెక్కల మాస్టారు. వాడు దాన్ని బిరుదులాగా పుచ్చుకున్నాడు.

ఒక సంగతి చెబితే వాడి తీరు మొత్తం తెలుస్తుంది. మాస్టారి కూతురి పిల్లికూన వీధి చివర కాలవ గొట్టంలో దూరి రెండు రోజులు అరిచింది. ఆ గొట్టంలో పట్టేంత సన్నగా ఉన్నది నేనే. మోకాళ్ళు దోక్కుపోతూ పాక్కుంటూ లోపలికెళ్ళి దాన్ని పట్టుకొచ్చాను. మొహమంతా రక్కేసింది. నేను బయటికొచ్చి కళ్ళలో మట్టి దులుపుకుంటుంటే, డప్పుగాడు పిల్లిని నా చేతుల్లోంచి తీసుకుని నేరుగా మాస్టారింటికి నడిచాడు. నేను వెళ్ళేసరికి వాడు గుమ్మంలో నిలబడి, గొట్టంలో పామెలా బుస కొట్టిందో చెబుతున్నాడు. మాస్టారి భార్య వాడికో పెద్ద చాక్లెట్ ఇచ్చింది. తిరిగొస్తూ దాన్ని విరిచి, "తీసుకోరా నత్తా, నువ్వు కూడా ఉన్నావుగా" అని సగం నా చేతిలో పెట్టాడు. పైగా ఆ సగం ఇచ్చినందుకు తను ఎంత మంచివాడో మా అమ్మకి చెప్పాడు.

నేను తిన్నాను. ఎందుకు తిన్నావని అడగొద్దు. తియ్యగా ఉంది.

వాడితో ఉంటే సరదాగా ఉండేది, ఆ మాట దాచను. వాడు వస్తే చావింట్లో కూడా ఎవరో ఒకరు నోరు మూసుకుని నవ్వాల్సిందే. నా పక్కన కూర్చుని నా తరఫున మాట్లాడేవాడు. దుకాణంలో బేరం, ఆఫీసులో అర్జీ, చివరికి పెళ్ళిచూపుల్లో నా గురించి నాలుగు మాటలు, అన్నీ వాడే. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ఆ రోజు గదిలో మాట్లాడిన వాడే పెళ్ళికొడుకనుకుందట.

బడి మానేశాక ఇద్దరం ఒకే లిఫ్టు కంపెనీలో మెకానిక్కులుగా చేరాం. పని నేను తొందరగా పట్టుకున్నాను, మనుషుల్ని వాడు పట్టుకున్నాడు. ఏ బిల్డింగుకి వెళ్ళినా కాసేపట్లో వాచ్‌మన్ దగ్గర టీ, ఓనరు దగ్గర కుర్చీ సంపాదించేవాడు. నేను పైన మోటారు గదిలో గ్రీజు పూసుకుంటూ ఉండేవాణ్ణి.

లిఫ్టు పనిలో ఒక కట్టుబాటు ఉంది. పైన ఒకరు మోటారు దగ్గర ఉన్నప్పుడు, రెండోవాడు మెయిన్ స్విచ్ వేసే ముందు "వేస్తున్నా" అని గట్టిగా కేకెయ్యాలి. లోపలున్నవాడు "వెయ్యి" అని జవాబు చెప్పేదాకా స్విచ్ మీద చెయ్యి వెయ్యకూడదు. కొత్తగా చేరినవాడికి స్క్రూడ్రైవర్ కంటే ముందు నేర్పేది ఇదే.

అప్పటికి మాకిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. వాడి కూతురు తప్పటడుగులు వేస్తోంది. ఒక బట్టల షోరూం బిల్డింగులో పని. మోటారు గదిలో నేను పెద్ద చక్రం దగ్గర వంగి, ఇనుప తాళ్ళ మీద పేరుకున్న మడ్డి గుడ్డతో తుడుస్తున్నాను. డప్పుగాడు కింద ఓనరుతో కబుర్లలో ఉన్నాడు. "ఇంకా ఎంతసేపయ్యా?" అన్నాడట ఓనరు. "మీరు బటన్ దగ్గర నిలబడండి సార్, నేను పైకెళ్ళి చిటిక వేస్తే లిఫ్టొచ్చి మీ ముందు నిలబడుతుంది" అన్నాడట వీడు. ఈ ముక్క తర్వాత వాచ్‌మన్ చెప్పాడు నాకు.

మెట్లమీద చెప్పుల చప్పుడు విన్నాను. "వేస్తున్నా" అన్న కేక మాత్రం వినలేదు. తల తిప్పేసరికి వాడు తలుపు పక్కన, చెయ్యి స్విచ్ మీద. కింద ఓనరు బటన్ నొక్కాడు. చక్రం తిరిగింది. ముందు గుడ్డ వెళ్ళింది, గుడ్డతోపాటు నా చెయ్యి.

కుడిచేతి చూపుడు వేలూ, మధ్య వేలూ.

వెంటనే స్విచ్ తీసేశాడు, అది నిజం. నన్ను భుజాన వేసుకుని మెట్లన్నీ దిగాడు, అదీ నిజం. ఓనరు కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి వార్డులో నా మంచం చుట్టూ జనం. వాళ్ళు నన్ను చూడటం లేదు. మధ్యలో డప్పుగాడు, చొక్కా నిండా నా రక్తం. దాన్ని మార్చుకోలేదు, కావాలనే మార్చుకోలేదని నా నమ్మకం.

"స్విచ్ దానంతటదే పడిపోయింది పిన్నీ" అని మా అమ్మకి చెబుతున్నాడు. "పాత బిల్డింగు, పాత వైరింగు. నేను ఒక్క అంగలో దూకి ఆపకపోతే చెయ్యి మొత్తం పోయేది. అసలు మనిషే ఉండేవాడు కాదు."

మా అమ్మ వాడి రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను నోరు తెరిచాను. మాట కూడదీసుకునేలోపు వాడు నా వైపు తిరిగి, "లేచావురా! మాట్లాడకు, మాట్లాడకు, ఓపిక లేదు నీకు" అని నా నుదురు నిమిరాడు.

అక్కణ్ణుంచి ఆ కథ వీధిలోకి వెళ్ళింది. కంపెనీ వాడికి అందరి ముందూ శాలువా కప్పి మెచ్చుకుంది. నాకు లిఫ్టు నడిపే పని ఇచ్చింది. ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో, లిఫ్టు లోపల స్టూలు మీద కూర్చుని, "ఎన్నో ఫ్లోర్ అండీ?" అని అడిగి బటన్ నొక్కడం. బటన్ నొక్కే వేలే లేనివాడికి బటన్ నొక్కే ఉద్యోగం. ఉంగరపు వేలితో నొక్కడం నేర్చుకున్నాను.

ఆ లిఫ్టు మరమ్మతులు చూసేది ఎవరు? వాడే. నెలకోసారి సంచి తగిలించుకుని వచ్చేవాడు. పనయ్యాక కూడా దిగేవాడు కాదు. ఎక్కినవాళ్ళతో, "ఇతను బతికున్నాడంటే నా వల్లే సార్" అని మొదలుపెట్టేవాడు. "చెయ్యి చూపించరా నత్తా" అనేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా చెయ్యి చూసి అయ్యో అని, వాడి భుజం తట్టి దిగిపోయేవాళ్ళు. కథలో మెట్లు ఏటికేడు పెరిగాయి. చివరికి వాడు నన్ను మోసిన బిల్డింగు, ఈ ఊళ్ళో అసలు లేనంత ఎత్తయింది.

మా అమ్మ సంగతే నాకు మింగుడుపడేది కాదు. వాడొస్తే నా కంచం పక్కకి జరిపి వాడికి వడ్డించేది. మంచాన పడ్డాక, పోయే ముందురోజు, నేను పక్కన కూర్చుని నీళ్ళు పడుతుంటే కళ్ళు తెరిచి అడిగిన మాట, "వాడు రాలేదట్రా?" నా పేరు కాదు.

ఆమె పోయిన కొన్నాళ్ళకి వాణ్ణి మా బిల్డింగు డాబా మీదికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా లోపల అనుకుంటూ వెళ్ళాను కాబట్టి ఆ రోజు మాట తడబడలేదు.

"స్విచ్ వేసింది నువ్వేరా. కేకెయ్యకుండా వేశావు. నేను చూశాను."

తిడతాడనుకున్నాను, లేకపోతే కాళ్ళు పట్టుకుంటాడనుకున్నాను. వాడు నిజంగా అర్థంకానట్టు నా మొహంలోకి చూశాడు.

"అది మత్తుమందు ప్రభావంరా. ఆపరేషన్ అయినవాళ్ళకి ఏవేవో కనబడతాయిట. డాక్టరు అప్పుడే చెప్పాడు నాకు."

"మత్తు ఇచ్చింది తర్వాత కదరా!"

"చూశావా, అదే నీకు గుర్తులేదు" అని జాలిగా నా వీపు నిమిరాడు.

వాడు నాటకమాడి ఉంటే ఆ రోజే గోడ మీంచి తోసేద్దునేమో. ఆడలేదు. చెప్పీ చెప్పీ వాడే నమ్మేశాడు. ఇక నేనెవరితో పోట్లాడాలి? మర్నాడు టీ కొట్టు దగ్గర నా చెవినే పడింది: "నత్తగాడికి పాపం ఆ రోజు సంగతులు సరిగ్గా గుర్తులేవు."

అలాంటివాడికి యూనియన్ హాల్లో సంతాప సభ పెట్టారు. కార్యదర్శి స్వయంగా మా ఇంటికొచ్చి, "మీరు మాట్లాడకపోతే సభకి నిండుదనం ఉండదు. ఆయన చలవతో బతికినవారు" అన్నాడు. సరేనన్నాను. ఆయన వెళ్ళగానే మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేస్తూ, "రెండు మంచి ముక్కలు చెప్పి దిగండి. పోయినవాడు జవాబు చెప్పలేడు" అంది.

"వాడు ఉన్నప్పుడు నాకు జవాబు చెప్పే వీలు దొరికిందా?" అన్నాను.

ఇస్త్రీపెట్టె ఠక్కున పెట్టి లోపలికి పోయింది.

హాల్లో వేదిక మీద వాడి ఫొటో. అందులో కూడా నోరు తెరిచే ఉన్నాడు. ముందు వరసలో వాడి భార్య, మా వదిన, తల దించుకుని కూర్చుంది, పక్కన కూతురు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది ఆ పిల్ల. చిన్నప్పట్నుంచీ నన్ను బాబాయ్ అంటుంది. రిటైరైన సూపర్‌వైజరు లేచి మోటారు గది కథ మొత్తం చెప్పాడు. ఆయన ఆ రోజు ఆ బిల్డింగు చుట్టుపక్కల కూడా లేడు. కానీ తన కళ్ళతో చూసినట్టే, కరెంటు నిప్పురవ్వలతో సహా చెప్పాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నా పేరు పిలిచారు.

మైకు పట్టుకున్నాను. చెయ్యెత్తాను.

"ఈ వేళ్ళని వాడు కాపాడలేదు. వాడే తీశాడు. ఓనరు ముందు గొప్ప కోసం, కేకెయ్యకుండా స్విచ్ వేశాడు. తర్వాత అబద్ధం చెప్పాడు. మా అమ్మ ఆ అబద్ధానికి దణ్ణం పెడుతూ పోయింది. వాడు నా స్నేహితుడు. వాడంటే నాకు అసహ్యం."

ఎవరో దగ్గారు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మా నాన్న ఉన్నప్పుడు ఈ నోరేమైంది బాబాయ్? ఆయన బూడిదయ్యాక వచ్చిందా మీకు ధైర్యం?"

నేను జవాబు కూడదీసుకుంటున్నాను. ఈలోపు కార్యదర్శి ఒక చేత్తో మైకు తీసుకుని, రెండో చేత్తో నా భుజాలు పట్టి కుర్చీలో కూలేశాడు. మంచినీళ్ళ గ్లాసు నోటికి పెట్టాడు. మైకులో, "ప్రాణస్నేహితుడు పోయిన దుఃఖం. మనిషి తట్టుకోలేకపోతున్నాడు. దయచేసి అర్థం చేసుకోండి" అన్నాడు. ఆ పిల్లతో, "ఆయన మనసు మనసులో లేదమ్మా, పట్టించుకోకు" అన్నాడు. హాలంతా నన్ను చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. నా మాటకి కాదు, నా దుఃఖానికి.

తిట్టి ఉంటే బాగుండేది. రాళ్ళేసినా బాగుండేది. మర్నాటినుంచి ఇంటికి పళ్ళు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. "ఎంత కలిసిపోయిన మనుషులు! మతి చలించిందంటే చలించదూ?" అని వంటింట్లో మా ఆవిడతో గుసగుసలు. ఒకాయన మంచి మానసిక వైద్యుడి చిరునామా ఇచ్చి వెళ్ళాడు. టీ కొట్టు వాడు నా టీలో అడక్కుండా రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. డప్పుగాడు ఒక్కడు పోతే ఊరంతా వాడి పని అందుకుంది.

వారం తిరక్కుండా ఆ పిల్ల నా లిఫ్టులోకి వచ్చింది. ల్యాబు కోటు చేతి మీద వేసుకుని ఉంది. స్టూలు ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎన్నో ఫ్లోర్?" అన్నాను.

"మొత్తం చెప్పండి" అంది. బాబాయ్ అనలేదు. "మీకు మతి పోయిందని అందరూ అంటున్నారు. ఆ రోజు మిమ్మల్ని చూస్తే నాకలా అనిపించలేదు. అమ్మని అడిగాను. 'మీ బాబాయ్ చెప్పింది విన్నావుగా' అని లేచి వెళ్ళిపోయింది."

పైకి వెళ్తూ మొదలుపెట్టాను. ఫైళ్ళు పట్టుకున్న ఇద్దరు ఎక్కితే ఆపాను. వాళ్ళు దిగాక మళ్ళీ అందుకున్నాను. ఆ పిల్ల తొందరపెట్టలేదు. నేను మాట కూడదీసుకుంటుంటే ఎదురు చూసింది. నా జన్మలో అలా ఎదురు చూసినవాళ్ళు తక్కువ. మోటారు గది, ఓనరు బటన్, వార్డులో రక్తపు చొక్కా, డాబా, మా అమ్మ, అన్నీ చెప్పాను. కిందికీ పైకీ, పైకీ కిందికీ. తన తండ్రి గురించి కదా అని ఒక్క మాట కూడా తగ్గించలేదు.

"మోసుకెళ్ళింది?"

"నిజమే. కాకపోతే మీ నాన్న చెప్పినన్ని అంతస్తులు ఆ బిల్డింగుకి లేవు."

"అంత అసహ్యమైతే ఇన్నేళ్ళూ ఎందుకు తిరిగారు ఆయనతో?"

"ఇంకెవరున్నారు నాకు? పక్కన ఇంకెవడైనా కూర్చుంటే కదా వాణ్ణి వదిలెయ్యడానికి."

మధ్యలో ఒక ముసలాయన ఎక్కి, మా ఇద్దరి మొహాలూ చూసి, తర్వాతి ఫ్లోర్‌లోనే దిగిపోయాడు.

"మోస్తున్నప్పుడు ఏమన్నా అన్నారా?" అంది ఆ పిల్ల.

ఇది నన్నెవరూ అడగలేదు. నాకూ చాలాకాలంగా తలుచుకోవాలనిపించలేదు.

"ఏడ్చాడు" అన్నాను. "చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి. 'నత్తా, నేనేరా, నేనేరా' అంటూ దిగాడు. నేను భుజం మీద వేలాడుతున్నాను. ముక్కు చీది నా ప్యాంటుకే తుడుచుకున్నాడు."

ఆమె గొంతులోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఇది ఎప్పుడూ చెప్పలేదు ఇంట్లో."

"ఎక్కడా చెప్పలేదు. అన్నిటికీ డప్పు కొట్టాడు, ఈ ఒక్కదానికి తప్ప. ఈ ముక్క మా అమ్మతో అని ఉంటే, మీ నాన్న ఫొటోకి నేనే దండ వేసేవాణ్ణి."

"ఇప్పుడు వెయ్యరా?"

"వెయ్యను."

తల ఊపింది. కోపం తగ్గిన మొహం కాదు అది. "సభలో మా అమ్మ ముందు అలా చెప్పినందుకు నేను కూడా మిమ్మల్ని క్షమించను" అంది.

"సరే" అన్నాను. మతిలేనివాడిగా కాక, మనిషిగా నన్ను తిట్టింది ఆమె ఒక్కతే.

కిందికి వచ్చాం. తలుపు తీశాను. బయట జనం ఎదురు చూస్తున్నారు, ఇంతసేపూ లిఫ్టు కింద ఎందుకు ఆగలేదని ఒకాయన నా మీద కేకలు మొదలుపెట్టాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ఆయన వైపు తిరిగి, "నేనే ఆపనివ్వలేదు. ఏం, కాళ్ళు లేవా మీకు? మెట్లెక్కండి" అని కసిరి వెళ్ళిపోయింది. గొంతు అచ్చం వాడిదే. ఆయన గొణుక్కుంటూ లిఫ్టే ఎక్కాడు.

"ఎన్నో ఫ్లోర్ అండీ?" అన్నాను.